అక్క ఎక్కితేనే జారే సైకిల్

మా బావ బాలమల్లుకు చేతిలో నూనె డబ్బా లేకపోతే అన్నం సహించేది కాదు. సిరిసిల్లలో సాంచెలు నడిపే ఇంట్లో పుట్టాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచెలంటారు. పొద్దున్నే షెడ్డులోకి పోయి సాంచెకు దండం పెట్టడం, ఆ తర్వాత ఒక్కో బోల్టూ కాస్త వదులు చేసి, సందులో నూనె చుక్కలు వేసి, మళ్ళీ బిగించడం వాళ్ళ బాపు అతనికి నేర్పిన పద్ధతి. "నూనె తాగని ఇనుము, కల్లు తాగని మనిషి, రెండు పనికి రావు" అనేవాడు. కల్లు సంగతి నేను మాట్లాడను. నూనె విషయంలో మాత్రం బావ ఏ ఇనుముకూ లోటు చేయలేదు.

ఆ అలవాటు షెడ్డులో ఆగితే బాగుండేది. ఇంటికొచ్చినా ఆగలేదు. వాళ్ళమ్మ బాలవ్వ అడకత్తెరకు నూనె పెట్టాడు. ఆమె పోక కత్తిరించబోతే అడకత్తెర చేతిలోంచి జారి కాలి మీద పడింది, పోక ఎగిరి పప్పు గిన్నెలో పడింది. తలుపు గొళ్ళేనికి నూనె పెట్టాడు. అది దానంతటదే ఊడిపోవడం మొదలుపెట్టింది. ఒకరోజు పక్కింటి మేక మర్యాదగా తలుపు నెట్టుకుని లోపలికొచ్చి, మేం బీడీలకు నానబెట్టిన తునికాకు సగం తినిపోయింది. బాలవ్వ ఆ రోజు కొడుకును ఏమేం తిట్టిందో రాస్తే కాగితం మాడిపోతుంది. బావ అన్నీ విని, "చప్పుడు మాత్రం వస్తలేదు చూసినవా అవ్వా, గొళ్ళెం ఎంత మంచిగ తిరుగుతందో" అన్నాడు.

నేను అతని మరదలిని, శంకరవ్వను. పెళ్ళికి ముందు మా అక్క దేవవ్వ ఇంట్లోనే ఉండి, ఆమె పక్కన చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేసేదాన్ని. బావ గురించి మరదలు చెబితే ఉప్పూ కారం కాస్త ఎక్కువ పడతాయి. అది మరదలి హక్కు, దాన్ని నేను వదులుకోను. కానీ ఇందులో మా అక్క ఉంది కనుక అబద్ధం మాత్రం చెప్పను.

సైకిల్ మా ఇంటికి కరీంనగర్ నుంచి వచ్చింది. ఎనభై మూడో, నాలుగో సంవత్సరం. బావ అప్పుడప్పుడు తువ్వాలలు మూటగట్టుకుని కరీంనగర్ పోయి, తెలిసిన ఇళ్ళలో ఇచ్చి వచ్చేవాడు. అందులో కరుణాకర్‌రావు వకీలుగారి ఇల్లొకటి. వకీలుగారికి పొట్ట పెరుగుతోందని డాక్టరు సైకిల్ తొక్కమన్నాడట. మామూలు నల్ల సైకిల్ తొక్కితే వకీలు పరువేం గాను. అందుకని హైదరాబాద్ నుంచి గేర్ల సైకిల్ తెప్పించాడు. మొదటి రోజే కోర్టు ముందర బ్రేకనుకుని గేరు పుల్లను గుంజాడు. సైకిల్ తిన్నగా పోయి నిమ్మకాయ సోడా బండిలో దూరింది. ఆ తర్వాత అది వాళ్ళ వరండాలో గోడకు ఆనుకుని ఉండిపోయింది. వకీలుగారి భార్య మనోరమ దొరసాని దాని హ్యాండిల్ మీద చల్ల మిరపకాయల గుడ్డ ఆరేసేది.

ఒకనాడు ఆమె బావ దగ్గర తువ్వాలలు తీసుకుని, "ఇగో బాలమల్లూ, వీటికి బదులు గీ సైకిల్ తీస్కపో. దీన్ని చూస్తే ఆయనకు మంట, ఆయన్ను చూస్తే నాకు నవ్వు. ఇంట్ల ఇద్దరం పరేషాన్ అయితున్నం" అన్నది.

బావ దాన్ని బస్సు మీదకు ఎక్కించుకుని వచ్చాడు. వీధంతా చూడటానికి వచ్చింది. వెనక చక్రం పక్కన చిన్నా పెద్దా పళ్ళ చక్రాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. కింద ఇంకేదో చిన్న యంత్రం వేలాడుతోంది. ఇంత ఇనుము ఒక్కచోట చూసేసరికి బావకు ఒళ్ళు పులకరించింది. లోపలికి పరుగెత్తి నూనె డబ్బా తెచ్చాడు.

అయితే ఆ గేర్లు మా వీధికి లొంగలేదు. చైను ఎప్పుడు ఏ పళ్ళ మీద కూర్చుంటుందో దానికే తెలిసేది కాదు. తొక్కుతూ ఉంటే ఒక్కసారి కాళ్ళు గాలిలో గిర్రున తిరిగేవి, తర్వాతి క్షణంలో రాయి కట్టినట్టు బిగుసుకునేవి. విసిగిపోయి బావ సైకిల్‌ను అంతయ్య దుకాణానికి తీసుకుపోయాడు. అంతయ్య కిరాయి సైకిళ్ళు ఇచ్చేవాడు, బాగు కూడా చేసేవాడు. మనిషి చేతిలో పానా లేకుండా మాట్లాడలేడు, పానా ఉంటే ఆగలేడు.

"గీ గేర్లన్నీ పీకేస్త. ఒక్క పండ్ల చక్రం పెడ్త. ఒక్కటే గేరు, ఒక్కటే బాధ. ఏమంటవ్?"

"నీ ఇష్టం అంతయ్యా. పీకినయి నాకియ్యి."

అంతయ్య గేర్లు పీకి, చైను పొట్టిగా చేసి, ఒక్క పళ్ళ చక్రం బిగించి ఇచ్చాడు. ఇస్తూ ఒక మాట కూడా చెప్పాడు.

"ఇను బాలమల్లూ. మన నల్ల సైకిల్‌కు వెనక చక్రం జరగకుండ గుంజి పట్టే చిన్న బోల్టులుంటయి. దీనికి లెవ్వు. చక్రం ఇరుసు కూసునే గాడి ముందటి దిక్కుకు తెరిచి ఉన్నది. రెండు దిక్కుల నట్లు గట్టిగ పట్టుకున్నంత సేపే చక్రం నిలుస్తది. నట్లు జర చూసుకో."

"చూసుకుంట" అన్నాడు బావ. అతని నిఘంటువులో చూసుకోవడమంటే ఏమిటో అంతయ్యకు తెలియదు పాపం.

పీకిన గేరు యంత్రాన్ని బావ పారేయలేదు. గోడకు మేకు కొట్టి వేలాడదీశాడు. బాలవ్వ దానికి తన పోకల సంచి తగిలించింది. దానిలోంచి కారే నూనెకు నెల తిరగకుండా పోకలన్నీ మెరవడం మొదలుపెట్టాయి.

సైకిల్ మాత్రం అందంగా నడిచింది. బావ ఇంటి నుంచి షెడ్డుకు, షెడ్డు నుంచి ఇంటికి రాజులా తిరిగాడు. అప్పట్లో వారానికో రోజు కరెంటు బంద్ ఉండేది. ఆ రోజు సాంచెలు ఆగుతాయి కనుక మాకు అదే పండుగ. అలాంటి ఒక రోజున బావ అక్కను సైకిల్ మీద మా పుట్టింటికి తంగళ్ళపల్లి తీసుకుపోతానన్నాడు. వాగు అవతలే ఊరు. అక్క ముఖం చూడాలి ఆ వేళ. లోపల కూర్చుని జడ వేసుకుంటూ, విప్పి మళ్ళీ వేసుకుంటూ ఉంది. బయట వాకిట్లో బావ సైకిల్‌ను తయారు చేస్తున్నాడు. తుడిచాడు. గంట మోగించి చూశాడు. కనిపించిన ప్రతి బోల్టుకూ నూనె పట్టించాడు. క్యారియర్ మీద చద్దరు మడిచి మెత్తగా కట్టాడు. పెళ్ళినాడు కూడా బావ అంత శ్రద్ధగా తయారై ఉండడు.

ఆ రోజు జరిగింది నేను చూడలేదు కానీ ముగ్గురి నోట విన్నాను, ముగ్గురూ ఒక్కటే చెప్పారు. పోయేటప్పుడు వాగు దాకా దిగుడే, హాయిగా పోయారు. సాయంత్రం తిరిగి వస్తూ వాగు దాటి సిరిసిల్ల వైపు ఎత్తు ఎక్కుతున్నారు. ఆ ఎత్తు మధ్యలో హనుమండ్లు చాయ్ హోటల్ ఉంది. బావ సీటు మీద నుంచి లేచి నిలబడి బలంగా తొక్కాడు. చైను ఉన్న వైపు ఇరుసు గాడిలో ముందుకు జారింది. చక్రం వంకరపోయి టైరు అవతలి గొట్టానికి ఒరుసుకుని ఠక్కున ఆగింది. సైకిల్ ఆగింది కానీ అక్క ఆగలేదు. హనుమండ్లు గ్లాసులు కడిగే చోట బురద ఉంటుంది, పోయి అందులో కూర్చుంది.

హోటల్‌లో ఉన్న జనమంతా చూశారు. బావ సైకిల్ పడేసి పరుగెత్తి అక్కను లేపాడు. అంతటితో నోరు మూసుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు. అతను అయోమయంగా చక్రాన్ని చూసి, అక్కను చూసి, అందరికీ వినపడేట్టు అన్నాడు.

"నేనొక్కన్ని పోతె ఎన్నడు జారలే. నువ్వు ఎక్కితెనే జారింది."

హనుమండ్లు నవ్వు వాగు అవతలికి వినపడిందట. మనిషి చెడ్డవాడు కాడు గానీ, నవ్వడానికి ఏదైనా దొరికితే పొయ్యి మీది పాలు పొంగినా పట్టించుకోడు. ఆ రోజు నుంచి అక్క ఆ దారిన కనపడితే చాలు, "నడుసుకుంటనే పోతున్నవా దేవవ్వా? మంచిది, సైకిల్ బతికింది" అనేవాడు. అక్క కాస్త బొద్దుగా ఉంటుంది. ఉంటే ఏం? మా ఇంట్లో అందరం అంతే. దొంగతిండి తిని పెరగలేదు, మా అవ్వ పెట్టిన జొన్నరొట్టె తిని పెరిగాం.

బావ సైకిల్‌ను అంతయ్య దగ్గరికి తీసుకుపోయాడు. అంతయ్య చక్రం విప్పి అంతా తుడిచి, పానాకు పొడుగు పైపు తొడిగి, దాని మీద తానే ఎక్కి కూర్చున్నంత పని చేసి నట్లు బిగించాడు. వాషర్లు కూడా వేశాడు. తర్వాత వారమంతా బావ దాన్ని తొక్కాడు. షెడ్డు నుంచి నూలు చుట్టిన కండెల గంపలు మోశాడు. ఎక్కడా జారలేదు.

"అంతా మంచిగైంది దేవవ్వా, నా మాట ఇను" అని బతిమాలాడు. అక్క మొదట విననట్టు ఆకు కత్తిరించుకుంటూ కూర్చుంది. బావ సినిమా పేరు ఎత్తాక కత్తెర ఆగింది. మధ్యాహ్నం ఆటకు పోదామన్నారు. అక్క లోపల చీర కట్టుకుంది. బావ వాకిట్లో సైకిల్ తయారు చేశాడు. నేను వెనక నడిచి పోయాను. సినిమా బాగానే చూశాం. ఆట విడిచాక జనం బయటికి వస్తున్నారు. అక్క క్యారియర్ మీద కూర్చుంది. జనంలోంచి బయటపడాలని బావ మొదటి తొక్కే గట్టిగా తొక్కాడు. కిర్రుమని చప్పుడు, మళ్ళీ చక్రం వంకర. అక్క ఈసారి పడలేదు, ముందే దూకింది. కానీ సినిమా చూసి వచ్చిన సగం సిరిసిల్లకు ఉచితంగా ఇంకో ఆట దొరికింది. ఎవరో వెనక నుంచి, "హనుమండ్లు చెప్పింది నిజమేరా" అన్నారు.

అక్క ఇంటి దాకా నడిచి వచ్చింది. గడపలో నిలబడి, "ఇగ మీ సైకిల్ నేను ఎక్కితే నా పేరు దేవవ్వ కాదు" అన్నది. ఎప్పుడూ నువ్వు అనే మనిషి మీరు అనేసరికి బావ సైకిల్‌ను వాకిట్లోనే పడేసి ఆమె వెనక లోపలికి ఉరికాడు.

నవ్వులాటగా చెబుతున్నాను కానీ ఆ తర్వాతి రోజులు నాకు నవ్వు రాలేదు. బీడీలు చేసే ఆడవాళ్ళం ఒకచోట కూర్చుంటే మాటలకేం తక్కువ. ఒకామె, "గంపల బరువుకు జారనిది ఈమె ఎక్కితె జారుతదంటే మరి" అని సగంలో ఆపేది. ఆ సగం మాట మొత్తం మాటకన్నా పొడుగు. అక్క తల ఎత్తేది కాదు. అన్నం దగ్గర మారు వడ్డించుకోవడం మానేసింది. ముందు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, కుండ నిండా అన్నం ఉన్నా ఒక్క గరిటె పెట్టుకుని నీళ్ళు తాగి లేస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవడో నవ్వాడని మా అక్క కడుపు మాడ్చుకోవడం ఏమిటి? బావ మీద కోపం వచ్చింది, హనుమండ్లు మీద వచ్చింది, గోడకు వేలాడే ఆ గేరు మీద కూడా వచ్చింది.

బావ తెలివి తక్కువవాడే గాని ప్రేమ తక్కువవాడు కాదు. అక్క తినడం లేదని అతనూ చూశాడు. తప్పు ఆమెది కాదని రుజువు చేయాలనుకున్నాడు. అంతయ్య దగ్గర చక్రం మళ్ళీ విప్పించి, తుడిపించి, బిగించుకున్నాడు. ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా నూలు మూటలు క్యారియర్ మీద వేసి, పైన ఇంకో మూట కట్టి, వాగు దాకా పోయి ఆ ఎత్తు ఎక్కి వచ్చాడు. చెమటలు కారుతూ ఇంట్లోకి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"దేవవ్వా, నీ కంటే బరువున్న మూటలు కట్టుకొని ఎత్తెక్కిన. చక్రం ఇంత కూడ జరగలే. అంటె నీ బరువుది ఏం లేదన్నట్టు."

అక్క చాట పక్కన పెట్టింది. "మూటలకు జారలే. నాకు జారింది. అంటె బరువు కాదు, నా కాలే మంచిది కాదన్నట్టు. గంతేగా మీరు చెప్పొచ్చేది?"

బావ రుజువు చేయబోయి ఇంకా పెద్ద నేరం మోపాడు. బాలవ్వకు మాత్రం ఇందులో దారి దొరికింది. "దిష్టే" అని తేల్చి, వెనక చక్రానికి పాత చెప్పు కట్టింది. అది పుల్లల్లో ఇరుక్కుని బావను అంతయ్య దుకాణం ముందే కింద పడేసింది. అంతయ్య పానాతో తల గోక్కుని, "సైకిల్ల తప్పు లేదు. నట్లు మంచిగనే బిగిచ్చిన. నాకైతె సమజైతలేదు" అన్నాడు.

అలా ఉండగా మా అవ్వ నుంచి కబురొచ్చింది. అక్కకు ఒడిబియ్యం పోస్తాం, అల్లున్ని తీసుకుని రమ్మని. ఒడిబియ్యమంటే మాకు చిన్న సంగతి కాదు. కూతురికీ అల్లుడికీ కొత్త బట్టలు పెట్టి, కూతురి ఒడిలో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు పోస్తారు. కొంగుతో నడుముకు మూటగట్టుకుని ఆమె అత్తింటికి తెచ్చుకుంటుంది. దారిలో ఒక్క గింజ ఒలికినా మా అవ్వ ప్రాణం ఊరుకోదు. కబురు తెచ్చిన మనిషితో ఇంకో మాట కూడా పంపింది. "కొత్త చీర కట్టుకొని, ఒడి నింపుకొని, నా బిడ్డ ఎండల నడుసుకుంట పోవుడేంది? అల్లునికి సైకిల్ ఉన్నదట గదా. సైకిల్ మీదనే తోల్కపోవాలె."

ఇప్పుడు అక్క పని ముందు నుయ్యి వెనక గొయ్యి. నడిస్తే, సైకిల్ ఉండి కూడా మొగుడు నడిపించాడని ఊరంతా అంటుంది, హనుమండ్లు సంగతి సరేసరి. ఎక్కితే, ఆ ఎత్తు మీద చక్రం జారి ఒడిబియ్యం బురదపాలవుతుంది. ఆ తర్వాత కాలు మంచిది కాదనే మాట చచ్చేదాకా పోదు. బెట్టు మాట వేరే ఉండనే ఉంది.

ఆ రోజు తంగళ్ళపల్లికి ఎలా పోయామంటే, బావ సైకిల్ నెట్టుకుంటూ ముందు, అక్క నడుస్తూ నడుమ, నేను గంప ఎత్తుకుని వెనక. దిగుడు దారి కనుక సైకిల్ ఒక్కటే సుఖపడింది. హనుమండ్లు హోటల్ ముందర అక్క కొంగు తల మీదికి లాక్కుంది.

అవ్వ, బాపు ముగ్గు వేసిన పీటల మీద ఇద్దర్నీ కూర్చోబెట్టారు. అక్కకు పట్టు చీర, బావకు ధోవతి, అంచు ఉన్న కొత్త తువ్వాల. ఆడవాళ్ళందరూ వరసగా వచ్చి బొట్టు పెట్టి ఒడిలో బియ్యం పోశారు. అక్క ఒడి నిండింది. అవ్వ కొంగు నడుముకు బిగించి కట్టి, "ఇగ బయలెల్లే దాక కదలకు బిడ్డా, పీట మీదనే కూసో" అన్నది. బావ లేచి వాకిట్లోకి పోయాడు. పెళ్ళాన్ని ఎక్కించుకునే వేళ కదా, సైకిల్ తయారు చేయాలి.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఇంతకు ముందు బావ సైకిల్ తయారు చేసిన ప్రతిసారీ అక్క లోపల జడ వేసుకుంటూనో చీర కట్టుకుంటూనో ఉండేది. వాకిట్లో ఏం జరుగుతోందో ఏనాడూ చూడలేదు. ఈ రోజు ఒడి నిండా బియ్యంతో, కదలడానికి లేక, గుమ్మానికి ఎదురుగా కూర్చుని ఉంది. వేరే పని లేక మొగుడినే చూస్తోంది.

బావ సైకిల్ తుడిచాడు. గంట మోగించాడు. చేతి సంచిలోంచి నూనె డబ్బా తీశాడు. పానాతో వెనక చక్రం నట్టు వదులు చేశాడు. నట్టు కిందా, వాషర్ వెనకా, ఇరుసు కూర్చున్న గాడిలో, నూనె ధారగా పోశాడు. వేలితో అంతా రాశాడు. మళ్ళీ నట్టు బిగించాడు. రెండో వైపుకు పోయి అక్కడా అంతే శ్రద్ధగా చేశాడు. పని అయ్యాక దూరంగా నిలబడి ముచ్చటగా చూసుకున్నాడు.

"ఓ అయ్యా, ఇటు చూడు" అన్నది అక్క.

ఎన్నో రోజుల తర్వాత నువ్వు అన్నందుకే బావ సగం కరిగి దగ్గరికి వచ్చాడు.

"సాంచెను తిప్పే పట్టా జారితె నువ్వేం జేస్తవ్?"

"పట్టాకు నూనె అంటితె జారుతది. తుడిచి గుగ్గిలం పొడి కొడ్త. అప్పుడు పట్టుకుంటది. గదెందుకు ఇప్పుడు?"

"ఊకె అడిగిన. నూలు మూటలు కట్టుకొని ఎత్తెక్కినవు గదా. ఆనాడు గిట్లనే నట్టు ఇప్పి నూనె పోసినవా?"

బావ నవ్వాడు. "మూటలకు నూనె ఎందుకు పోస్త? అవి నా పెండ్లామా?"

"షెడ్డుకు పోయేటప్పుడు?"

"రోజూ ఎందుకు? నువ్వు ఎక్కేనాడే పోస్త. నువ్వు మెత్తగ పోవాలె గదా. నీ కోసమే గదా నేను పోసేది."

మా బాపు చుట్ట నోట్లోంచి తీశాడు. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆపుకోవడానికి గంపలో తల పెట్టాను. బావ మాత్రం అలాగే నిలబడి, తన మాటలు తానే వెనక్కి విన్నట్టు, డబ్బా చూశాడు, నట్టు చూశాడు, పీట మీది భార్యను చూశాడు. అతని ముఖం నెమ్మదిగా పాలిపోయింది.

"జారద్దని బిగిచ్చిన నట్టుకు," అన్నది అక్క, ఒక్కో మాటా వత్తి, "జారాలని నూనె పోసి, జారితె నా మీదికి తోసినవు."

"దేవవ్వా, నేను..."

"మాట్లాడకు. తుడువు."

"గుడ్డ..."

"గా భుజం మీద ఉన్నది గదా."

భుజం మీద ఉన్నది అప్పుడే పెట్టిన కొత్త తువ్వాల. మా అవ్వ "అయ్యో బిడ్డా, అల్లునికి పెట్టిన బట్ట" అనబోయింది. బాపు చేత్తో ఆపాడు. బావ కిక్కురుమనకుండా వాకిట్లో గొంతుక్కూర్చుని, చక్రం విప్పి, అంచు తువ్వాలతో ఇరుసూ నట్లూ గాడీ తుడిచాడు. అక్క పీట మీద నుంచే చెబుతోంది, పొయ్యిలోంచి బూడిద తెప్పించింది, బూడిద వేసి రుద్దించింది, మళ్ళీ తుడిపించింది. గాడిలో వేలు పెట్టి చూపించమన్నది. వేలికి నూనె అంటింది. మళ్ళీ రుద్దమన్నది. ఒడి నిండిన మహారాణి ముందు బావ బంట్రోతులా వేలు చాపి చాపి చూపించాడు. వేలు పొడిగా వచ్చాకే నట్లు గట్టిగా బిగించనిచ్చింది. ఆలస్యమవుతోందని నేను గంప ఎత్తుకుని ముందు నడిచాను.

వాగు దాటి ఎత్తు మొదట్లో ఉండగా వెనక నుంచి గంట వినపడింది. బావ వస్తున్నాడు. వెనక అక్క పక్కకు తిరిగి కూర్చుంది, ఒక చేయి బావ నడుము మీద, ఒక చేయి ఒడి మీద. నేను దారి పక్కకు జరిగి నిలబడ్డాను. కారణం తెలిసింది నిజమే. అయినా ఈ ఎత్తు మీద ఏమవుతుందో ఎవరికి తెలుసు? బావ సీటు మీది నుంచి లేచాడు. బలమంతా పెట్టి తొక్కాడు. చైను బిగుసుకుంది. కిర్రుమనలేదు. చక్రం తిన్నగా తిరిగింది. హోటల్ దాటారు, పైకి చేరారు. ఒక్క గింజ ఒలకలేదు.

నేను ఊపిరి పీల్చుకుని పైకి నడవబోతుంటే సైకిల్ వెనక్కి తిరిగింది. ఇద్దరూ దిగువకు జర్రున నా పక్క నుంచే పోయారు.

"ఏమైందే అక్కా?"

"హోటల్ బెంచీ మీదోళ్ళు మంచిగ చూడలే" అన్నది పోతూ పోతూ.

రెండోసారి ఎక్కారు. ఈసారి బెంచీ మీదున్నవాళ్ళందరూ చూశారు, చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడి మరీ చూశారు. బావ పైకి చేరి రొప్పుతున్నాడు. అక్క దిగలేదు. వంగి అతని చెవిలో ఏదో అన్నది. సైకిల్ మళ్ళీ కిందికి తిరిగింది. తర్వాత తెలిసింది, హనుమండ్లు లోపల బజ్జీలు వేస్తున్నాడట, బయటికి రాలేదట.

మూడోసారి బావ ఎక్కడం మాత్రం నేను మరిచిపోలేను. ధోవతి మోకాళ్ళ మీదికి పోయింది. బూడిదా నూనే పట్టిన కొత్త తువ్వాల మెడలో వేలాడుతోంది. నాలుక బయటికొచ్చింది. అయినా ఆగలేదు, చక్రమూ జారలేదు. బయట గోల విని హనుమండ్లు బజ్జీల గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. అక్క సైకిల్ మీద నుంచి నిదానంగా అతని వైపు చూసింది.

"హనుమండ్లన్నా, నడుసుకుంటనే పోతున్న. కానొస్తలేదా?"

బెంచీ మీద జనం నవ్విన నవ్వుకు హనుమండ్లు గరిటె కింద పెట్టాడు. లోపల బజ్జీలు మాడిన వాసన వచ్చింది.

నేను పైకి చేరేసరికి బావ సైకిల్ మీద వాలిపోయి ఉన్నాడు. నోట మాట రావడం లేదు. ఎలాగో తల తిప్పి, "ఇంకోసారా?" అన్నాడు. ఆమె చెబితే పోయేవాడే.

అక్క ఒడి సర్దుకుంది. కొంగు కొసతో అతని ముఖం మీది చెమట తుడిచింది.

"వద్దు. ఇంటికి నడువు. నాకు ఆకలైతంది" అన్నది.

ఎన్నాళ్ళకో అక్క నోట ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది. బావ ఇంటికి తొక్కాడు.